ఆ ఫారాలు నేను నింపినవి

మలేషియాలో, బ్రిక్‌ఫీల్డ్స్‌లో నేను పనిచేసిన ఆఫీసు నుంచి ఒకావిడను తీసేశారు. దొంగ ఫారాలు నింపిందన్నారు. ఆ మాట ఆఫీసులో ఆగలేదు, ఆవిడ వెళ్ళే తెలుగు చర్చి దాకా పోయింది. అక్కడ ఆవిడ ఆదివారాలు పిల్లలకు బైబిలు పాఠం చెప్పేది. "కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోమ్మా" అన్నారట సంఘం పెద్దలు. ఆ కొన్నాళ్ళు ఇంకా అయిపోలేదు.

దొంగ ఫారాలు నింపింది ఆవిడ కాదు, నేను.

ఈ ముక్క చెప్పడానికి ఇంత రాయాలా అంటే, రాయాలి. ఒక్క వాక్యంలో చెబితే నేను ఆవిడ మీద జాలిపడి నేరం నెత్తిన వేసుకుంటున్నానని అనుకునేవాళ్ళున్నారు. ఎలా జరిగిందో చెబితేగాని నమ్మరు. ఆవిడ పేరు రాయను. వద్దని ఆవిడే అంది. ఎవరికి తెలియాలో వాళ్ళు చదివేది తెలుగే కాబట్టి తెలుగులో రాస్తున్నాను.

ముందు మా పనేమిటో చెప్పాలి. బ్రిటన్‌లో ఎన్నికలొస్తే అక్కడి పార్టీలకు ఓటర్ల మనసులో ఏముందో తెలియాలి. ఆ పనిని ఒక కంపెనీకి ఇస్తారు, ఆ కంపెనీ ఇంకో కంపెనీకి ఇస్తుంది, చివరికి అది రైలు స్టేషన్ పక్కన నాలుగో అంతస్తులో హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చున్న మాలాంటివాళ్ళ దగ్గరికి వస్తుంది. ఏ పార్టీ కోసం అడుగుతున్నామో మాకు చెప్పలేదు. ప్రశ్నలను బట్టి ఊహించుకున్నాం.

మాకు ఇచ్చిన నియోజకవర్గం ఇంగ్లండు ఉత్తరాన సముద్రం ఒడ్డున ఒక ఊరు. అంతకుముందు ఎన్నికల్లో మేం ఊహించుకున్న పార్టీ అక్కడ రెండో స్థానంలో నిలిచింది. గెలవాలంటే మూడో స్థానంలో వచ్చిన పార్టీ వాళ్ళలో కొందరు ఈసారికి ఇటు తిరగాలి. అక్కడ కూడా మనకు లాగే, అందరికంటే ఎక్కువ ఓట్లు ఎవరికొస్తే సీటు వాళ్ళదే, మిగతా ఓట్లన్నీ గాలికి పోతాయి. అందుకని "ఇక్కడ పోటీ ఇద్దరి మధ్యే, మూడోవాళ్ళకు వేస్తే మీకు నచ్చనివాడు గెలుస్తాడు" అని కరపత్రాలు పంచుతారు. అయితే ఆ కరపత్రం ఎవరింట్లో వెయ్యాలి, దాంట్లో ఆసుపత్రి గురించి రాయాలా, బస్సు గురించి రాయాలా? అది మా ఫారాలు చెప్పాలి.

ఫారంలో అయిదు గడులుండేవి: రెండో పార్టీ, గెలిచిన పార్టీ, మూడో పార్టీ, ఇంకా తేల్చుకోలేదు, చెప్పలేదు. కింద ఆ మనిషిని కలవరపెట్టే విషయమేమిటో రాయడానికి నాలుగు గీతల చోటు. మేం ఫోన్ చేసేది ఉద్యోగాలు చేసి రిటైరై ఇంటిపట్టున ఉన్న పెద్దవాళ్ళకు. వాళ్ళకు పొద్దున్న అంటే మాకు సాయంకాలం వానవేళ. కిటికీకి అవతల ఆకాశం నల్లబడుతుండగా, హెడ్‌ఫోన్‌లో ఎక్కడో ఒక ఇంట్లో గోడ గడియారం టిక్కుటిక్కుమనేది.

నాకు ఈ పని కొత్త కాదు. అంటే ఫోన్లు కొత్త, గుర్తులు పాతవి. నేను తెలుక్ ఇంటాన్ దగ్గర ఎస్టేటులో పుట్టినవాణ్ణి. మా పెదనాన్న అక్కడ పార్టీ మనిషి. మలేషియాలో పార్టీలవాళ్ళు ఓటర్ల జాబితాలో పేరు పేరుకూ గుర్తు పెడతారు. మనవాడైతే తెలుపు, కానివాడైతే నలుపు, ఎటూ తెలియనివాడు బూడిద. పట్నాలలో ఇంటింటికీ తిరిగి అడుగుతారేమో. మా పెదనాన్న గడప దాటేవాడు కాదు. వరండాలో కూర్చుని, నాచేత జాబితా చదివించి, కళ్ళు మూసుకుని చెప్పేవాడు.

"ఏడో నెంబరిల్లా? తెలుపు. దానింట ఎవుడు ఆకర్న టీ తాగితే ఆడికే ఏస్తాది. ఆకర్న నేనే ఎల్తాను."

"పెదనానా, ఓసారి అడగొద్దేటి?"

"అడిగితే ఏటి సెప్తారురా? నీ మొకం సూసి సెప్తారు. అడక్కుండా తెలుసుకోవాల."

నేనొకసారి ఒక ఇంటికి బూడిద గుర్తు పెట్టాను. ఆయన పెన్సిల్ లాక్కున్నాడు. "బూడిదంటే ఆ ఇల్లు తెలీదని కాదు. నువ్వు పనికిరావని" అన్నాడు. లెక్కింపయ్యాక చూస్తే ఆయన చెప్పినదానికి ఒకటి రెండు ఓట్లు అటూ ఇటూ, అంతే. అప్పటికి నాకు ఇరవై దాటాయి. మనుషులను అడగకుండానే తెలుసుకోవచ్చని, తెలియదని ఒప్పుకోవడం సిగ్గుచేటని నాకు అక్కడే ఒంటబట్టింది.

ఆ ఎస్టేటు ఇప్పుడు లేదు. కూలీలకు వరసగా కట్టిన లైను ఇళ్ళు పడగొట్టి ఆయిల్ పామ్ నాటారు. పెదనాన్న పోయాడు. ఆ జాబితాలోని వాళ్ళలో చాలామంది పోయారు.

ఇంగ్లీషు ముసలివాళ్ళకు ఫోన్ చేస్తే ఏమౌతుందో మొదటివారంలోనే తెలిసిపోయింది. సగంమంది ఎత్తరు. ఎత్తినవాళ్ళు ఎంతో మర్యాదగా, "ఓటు నా సొంత విషయమండీ, ఏమీ అనుకోకండి" అని పెట్టేస్తారు. మా నాన్న వేసినవాళ్ళకే నేనూ వేస్తాను అంటారు, ఎవరికి వేశారో చెప్పరు. అందరూ ఒకటేనండీ అని నిట్టూరుస్తారు. అన్నీ చివరి గడిలోకి వెళ్ళేవే, బూడిదే. పొద్దుపోయేసరికి నా ముందు అన్నీ బూడిద గుర్తులు. పెదనాన్న నా భుజం మీదుగా చూస్తున్నట్టుండేది.

ఓటు గురించి మాటలు కాబట్టి మా ఫోన్లు రికార్డు చెయ్యకూడదని నియమం. ఎంతసేపు లైన్లో ఉన్నామో మాత్రం కంప్యూటర్‌కు తెలుస్తుంది. ఫారం చెల్లాలంటే కనీసం నాలుగైదు నిమిషాలుండాలి. మనిషి ఎత్తకపోతే ఆ ఇళ్ళలో సందేశాలు రికార్డు చేసుకునే మెషిన్ ఎత్తుతుంది. "మేము ఇంట్లో లేము, కూత వినిపించాక మాట్లాడండి" అంటుంది. ఒకరోజు కూత వినిపించాక నేను ఫోన్ పెట్టెయ్యలేదు.

అలా మొదలైంది. లైన్ తెరిచే ఉంచి, ఫారం నింపడం మొదలుపెట్టాను. ఊరికే నింపితే అబద్ధంలా ఉంటుంది కదా, అందుకని ఆ వీధిని మా లైను ఇళ్ళ మీద పరిచాను. వీధిలో ఏడో ఇల్లు మా ఏడో నెంబరిల్లు. అందులో ఉండే విధవరాలు ఎవరు ఆఖరున పలకరిస్తే వాళ్ళకు. పన్నెండులో అన్నదమ్ములు, ఒకడు ఒకరికి వేస్తే రెండోవాడు పట్టుబట్టి ఇంకొకరికి. పదిహేనులో చిన్నమ్మ, వారానికి రెండుసార్లు ఆసుపత్రికి బస్సులో పోయే మనిషి, బస్సు గేటు దగ్గర ఆగడం మానేసిన రోజు నుంచి ప్రభుత్వం పేరెత్తితే ఉమ్మేసేది. చిన్నమ్మ బాధ ఇంగ్లీషులో రాశాను: ఆసుపత్రికి వెళ్ళే బస్సు ఇప్పుడు ఇక్కడ ఆగడం లేదు.

వాళ్ళ మాటలు సరిగ్గా పట్టుకోవడానికి లోలోపల కాదు, పెదాలతోనే అనుకునేవాణ్ణి. తెలుగులో, మా ఎస్టేటు తెలుగులో. ఎక్కడో ఇంగ్లండులో ఖాళీ ఇంటి హాల్లో ఆ మెషిన్ తిరుగుతుండేది. నా ఊపిరి, నా కీబోర్డు చప్పుడు, చచ్చిపోయినవాళ్ళ జవాబులు అందులోకి ఎక్కుతుండేవి. ఆ సంగతి నాకు తట్టనే లేదు. తట్టిందేమో కూడా. అవి విని ఎవరేం చేస్తారులే అనుకుని ఉంటాను.

లండన్‌లో ఉన్న మనిషి వారానికోసారి తెర మీద కనిపించేవాడు. నా వీధులు చూసి ముచ్చటపడ్డాడు. "ఈ ఊరు ఇప్పుడు నాకు కనిపిస్తోంది" అన్నాడు. కొన్నాళ్ళకు ఆ ఊళ్ళో పంచిన కరపత్రం ఒకటి మాకు చూపించాడు. పైన పెద్ద అక్షరాల్లో బస్సు, గేటు, ఆసుపత్రి. చిన్నమ్మ బాధ రంగుల్లో అచ్చయింది. నాకు భయమేసింది, గర్వం కూడా కలిగింది.

ఆవిడ నా పక్క బల్ల దగ్గర కూర్చునేది. సుంగై పెటానిలో ఫ్యాక్టరీలో చేసి, పెళ్ళయి ఇటు క్లాంగ్ లోయకు వచ్చింది. నాకంటే పదేళ్ళు చిన్న. తెలుగువాణ్ణని తెలిసిన మొదటిరోజు నుంచి నన్ను "అన్నా" అనేది. తమిళం మధ్యలో మా ఇద్దరి తెలుగు విని తమిళ మేనేజరు నవ్వేవాడు, "మీది ఏ ఊరి తెలుగు, సినిమాలో ఇలా ఉండదే?" అని.

"సినిమావోల్లకి రాదు లా" అనేది ఆవిడ, మలేషియావాళ్ళం మాట చివర తగిలించే ఆ 'లా'తో సహా.

ఆవిడ ఫారాల్లో పదింట ఏడు చివరి గడిలో ఉండేవి. చెప్పలేదు. చెప్పలేదు. చెప్పలేదు. నేనొకరోజు నవ్వాను.

"ఏటి సెల్లీ, అందర్నీ బూడిద సేసేత్తన్నావు?"

"ఆల్లు సెప్పనేదన్నా. సెప్పనేదనే రాసినాను. నీకు మాత్రం అందరూ ఎలా సెప్తన్నారు? నీ గొంతులో ఏటుంది, తేనా?"

"ఎయ్యేళ్ళ అనుబవం."

"అబ్బో! ఎయ్యేళ్ళ ముసిలోడివా? అందుకే ఆ ముసిలోల్లంతా నీతోటే మాటాడతన్నారు."

ఇద్దరం నవ్వుకున్నాం.

మా దగ్గర సరిచూసే పని అని ఒకటుండేది. ఒకరు నింపిన ఫారాలలో కొన్నింటిని ఇంకొకరికి ఇచ్చి మళ్ళీ ఫోన్ చేయించేవారు. నా ఫారాలు చాలా వారాలు మెషిన్లకే తగిలి తప్పించుకున్నాయి. ఒక సాయంకాలం ఆవిడ హెడ్‌ఫోన్ తీసి, కుర్చీ నా వైపు జరుపుకుని, గొంతు తగ్గించింది.

"అన్నా, ఈ ఫారం నీదే కదా. మూడో పార్టీ అని, బస్సు గురించి బాద అని రాసినావు."

"అవును."

"ఆ ముసిలమ్మ ఎవుల్తోటీ మాటాడ్నేదంట. ఎవులో పోన్ సేసి మిసన్లో ఊపిరి తీత్తన్నారంట. నాలుగైదు నిముసాలు. మద్దిలో ఏదో గొనుగుతారంట. ఆ మనిసెవులో తెలిసేదాకా ఓటెయ్యనంది."

ఆ ఇంటికి నేను ఎన్నిసార్లు చేశాను? ఒక ఫారానికి ఒకసారే చాలు. కానీ ఆ ఇంటి మెషిన్ ఎక్కువసేపు తిరుగుతుంది, మధ్యలో తెగదు. అందుకని ఇతర ఇళ్ళ జవాబులు ఆలోచించుకోవడానికి కూడా ఆ లైన్‌కే వెళ్ళేవాణ్ణి. చాలాసార్లు వెళ్ళాను.

"ముసిల్దానివి మతిమరుపు మాటలు లా" అన్నాను. "ఒగ్గీ."

ఆవిడ తన తెరవైపు తిరిగి ఆ ముసలావిడ చెప్పింది చెప్పినట్టు నాలుగు గీతల్లో రాసింది. నా మీద ఒక్క ముక్క రాయలేదు. విన్నది మాత్రం రాసింది.

ఆ నాలుగు గీతలే ఆవిడ కొంప ముంచాయి. ఒకే ఊరు, ఒకే వీధులు, ఇద్దరి ఫారాలకూ పొంతన లేదని లండన్‌లో ఎవరో అప్పటికే అడుగుతున్నారు. ఒకరి ఊళ్ళో మనుషులున్నారు, రెండోవాళ్ళ ఊళ్ళో మూసిన తలుపులున్నాయి. ఇంతలో ఈ ఫారం. ఫోన్‌లో ఊపిరి తీసే మనిషి! ఆవిడ ఫోన్ చెయ్యకుండా కూర్చుని కథలల్లుతోంది అనుకున్నారు. నన్ను మేనేజరు గదిలోకి పిలిచారు. ఆవిడ అక్కడే ఉంది, చేతులు ఒళ్ళో పెట్టుకుని. మేనేజరు ఆ రెండు ఫారాలనూ తెర మీద పక్కపక్కన పెట్టాడు.

"నువ్వు ఈ ముసలావిడతో మాట్లాడావు కదా? ఇలాంటిదేమైనా చెప్పిందా?" అని అడిగాడు.

ఆవిడ నావైపు చూసింది. బతిమాలినట్టు కాదు. తలుపు తీస్తారని తెలిసి తలుపు ముందు నిలబడ్డ మనిషిలా చూసింది. ఆవిడ చెప్పింది నిజమని నేను చెప్పలేదు. ఆ వారంలోనే ఆవిడ బల్ల ఖాళీ అయింది. మమ్మల్ని పనిలో పెట్టిన ఏజెన్సీ ఆవిడ కాగితంలో కారణం రాసింది. ఆ కాగితం చూశాక మరో కాల్‌సెంటర్ ఏదీ ఆవిడను తీసుకోలేదు. మా ఆఫీసులో ఆవిడ సంఘంవాళ్ళు ఇద్దరు పనిచేసేవారు. తక్కినది వాళ్ళు మోసుకెళ్ళారు.

పోలింగు ఇంకా రెండు వారాలుంది. ఒక సాయంకాలం, బయట ఉరుములు, నేను ఆ ముసలావిడ నెంబరు నొక్కాను. ఈసారి ఎత్తితే చెబుదామనే. ఊపిరి నాదే అమ్మా, నేను ఫలానా అని. ఆ తర్వాత మేనేజరు దగ్గరికి వెళ్దామని. నిజంగానే అనుకున్నాను. మెషిన్ ఎత్తలేదు, మనిషి ఎత్తింది.

ఆవిడ హలో అనలేదు. కాసేపు విన్నది. ఆ తర్వాత మెల్లగా, ఇంగ్లీషులో, ఇంటిమనిషితో మాట్లాడినట్టు అంది: "నువ్వేనా?"

నేను హెడ్‌ఫోన్ చెవికి నొక్కుకున్నాను.

"ఎవరో అమ్మాయి ఫోన్ చేస్తే చెప్పాను. మంచి పిల్ల. చివరిదాకా విన్నది. ఎవరో తెలిసేదాకా ఓటెయ్యనన్నాను ఆ పిల్లతో. తర్వాత ఆ సందేశాలన్నీ మళ్ళీ విన్నాను. ఒక్కటీ చెరపలేదు. అప్పుడు తెలిసింది నువ్వేనని. నువ్వు పోయే ముందు ఆసుపత్రిలో ఇలాగే తీసేవాడివి ఊపిరి."

ఉరుము మా కిటికీ అద్దాలను కదిపింది. అది ఆవిడకు వినిపించిందో లేదో.

"అక్కడ నీకు వేరే భాష నేర్పారు కాబోలు. పర్వాలేదు, నాకు అర్థం కానక్కర్లేదు. చూడు, పోస్టులో ఓటు కాగితం వచ్చింది. వంటింటి బల్ల మీద పెట్టాను. మనం ఎప్పుడూ వేసేవాళ్ళకు వేస్తే ఈసారి వృథా అంటున్నారు. బస్సు సంగతి రాశారు ఇంకొకళ్ళు. మన వీధిలో బస్సు ఎప్పుడు ఆగింది గనక? కానీ ఇప్పుడు అందరూ ఆ బస్సు గురించే మాట్లాడుకుంటున్నారు. పక్కింటావిడ గేటు దగ్గర కుర్చీ కూడా వేసుకుంటోంది, డ్రైవరుకు కనబడాలని."

మా చిన్నమ్మ గేటు దగ్గర కుర్చీ వేసుకునేది. డ్రైవరుకు కనబడాలనే. ఆ కుర్చీ సంగతి నేను ఏ ఫారంలోనూ రాయలేదు. ఇది రాస్తున్న ఈ నాలుగు రోజులూ ఎంత తవ్వి చూసుకున్నా రాసినట్టు గుర్తు లేదు. లైన్లో గొణిగి ఉంటాను, కానీ తెలుగులో.

"ఏం చెయ్యమంటావో చెప్పు" అంది ఆ ముసలావిడ. "మన పాతవాళ్ళకే వెయ్యమంటే ఒకసారి ఊపిరి తియ్యి. మారమంటే రెండుసార్లు. నేను వింటాను."

నేను ఊపిరి బిగబట్టాను. గడియారం చప్పుడు వినిపిస్తోంది. అప్పుడైనా నోరు విప్పవలసింది. నోరు విప్పితే ఆవిడకు భర్త ఇంకోసారి పోతాడు. ఆ జాలి నిజమే. నోరు విప్పితే నా ఉద్యోగం పోతుంది. ఆ భయమూ నిజమే. ఏది పెద్దదో ఇప్పుడు తూచి చెబితే అది కూడా దొంగ ఫారమే. ఎంతసేపు బిగబట్టానో తెలియదు. ఛాతీ పగిలేలా అయింది. ఊపిరి వదిలాను, మళ్ళీ పీల్చాను. అది ఒకటో, రెండో, ఆవిడ ఎలా లెక్కపెట్టిందో.

"సరే" అంది. ఫోన్ పెట్టేసింది.

నేను మేనేజరు దగ్గరికి వెళ్ళలేదు.

ఆ ఊళ్ళో ఆ పార్టీ గెలిచింది. లండన్ మనిషి తెర మీద ఫలితం పక్కన నా ఫారాల అంచనా పెట్టి చూపించాడు. రెండూ దాదాపు ఒకటే. వీధి వీధి లెక్క అక్కడ ఎవరికీ తెలియదు, పెట్టెలన్నీ కలిపేస్తారు. కానీ ఊరు మొత్తం మీద మా లైను ఇళ్ళు వేసినట్టే వేసింది. అందరూ చప్పట్లు కొట్టారు. తేల్చుకోలేదన్నవాళ్ళు చివరికి ఇలాగే తేల్చుకుంటారు, అది పసిగట్టడమే గొప్ప అన్నాడతను. ఆ మాటతో ఆవిడ ఫారాల మీద ఆఖరి మట్టి వేసేసినట్టయింది. ఆవిడ రాసినవే నిజాలు, లెక్కకు తప్పయ్యాయి. నావి అబద్ధాలు, లెక్కకు సరిపోయాయి. ఆ సాయంకాలం అద్దంలో నా మొహం పెదనాన్న మొహంలా కనబడి, దీపం ఆర్పేశాను.

తర్వాత నేను సరిగ్గా పనిచేయలేకపోయాను. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే, ఎవరూ ఎత్తకముందే ఎవరో వింటున్నట్టుండేది. రాజీనామా ఇచ్చిన రోజున, చేసిందంతా ఒక కాగితం మీద రాసి మేనేజరుకు ఇచ్చాను. అతను చదివి, తలుపు మూసి వచ్చాడు.

"ఇప్పుడెందుకు? పని అయిపోయింది. ఫారాలన్నీ చట్టం ప్రకారం చెరిపేశాం. నెంబర్లు కూడా లేవు. ఏది తప్పో ఏది ఒప్పో చూడటానికి ఏమీ మిగల్లేదు."

"ఆవిడ కాగితంలో రాసింది మిగిలింది కదా?"

"అది ఏజెన్సీ చూసుకోవాలి."

ఏజెన్సీకి రాశాను. ఆధారం పంపమన్నారు.

ఆఖరికి ఆవిడ ఇంటికే వెళ్ళాను. ఫ్లాటులో ఆవిడ, భర్త ఉన్నారు. నేను చెప్పడం మొదలుపెట్టగానే భర్త లేచి ఫ్యాన్ కట్టేశాడు, ఒక్క ముక్క కూడా పోకుండా వినాలన్నట్టు. అంతా విన్నాక ఆయనే ముందు మాట్లాడాడు.

"బావా అని పిలవాల్నా నిన్ను, ఏటని పిలవాల? నా పెల్లాం ఆర్నెల్లు నన్నడిగినాది, నిజంగానే ఇన్నానా నేను, నా బుర్ర పాడైపోయిందేటి అని. నేనేటి సెప్పినానో తెలుసా? డాక్టరుకి సూపించుకుందారి అన్నాను. నేను!"

ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు. "ఆ ముసిలమ్మకి సెప్పినావా?" అంది.

"నెంబరు లేదు సెల్లీ. సెరిపేసినారు."

"అయితే ఆమె ఇంకా మిసన్ దగ్గిరే కూకుంటాది." తర్వాత, "సంగంలో సెప్తావా?" అంది.

చెబుతానన్నాను. సంఘం పెద్దల దగ్గరికి ముందు ఈ కాగితం వెళ్తుంది, తర్వాత నేను వెళ్ళి వాళ్ళ ముందు నిలబడతాను.

రాసింది నిన్న ఆవిడకు చూపించాను. బైబిలు చదివిన కళ్ళు, నాకంటే వేగంగా చదువుతుంది. మేనేజరు గదిలో జరిగిన ముక్క దగ్గరికి వచ్చేసరికి వేలు పెట్టి ఆపింది.

"ఇదేటన్నా? 'ఆవిడ చెప్పింది నిజమని నేను చెప్పలేదు.' నువ్వు ఊరుకున్నావేటి ఆ రోజు? నోరు మూసుకోనుంటే బతికిపోయేదాన్ని. నువ్వు ఒక మాటన్నావు. నాకు గుర్తుంది. నీకు నేదా?"

ఉంది.

"అది రాయి."

మేనేజరు అడిగినప్పుడు నేను ఆవిడ వైపు తిరిగాను. సొంత అన్న మాట్లాడినట్టే, ఎంతో మెత్తగా, గదిలో అందరికీ అర్థమయ్యేలా తమిళంలో అన్నాను: "సార్, ఈమెను తప్పుపట్టకండి. ఈ మధ్య ఇంట్లో ఏవో ఇబ్బందులు. లేని గొంతులు వినిపిస్తున్నాయని నాతో కూడా అంది."

ఆవిడ నాతో అలా ఎప్పుడూ అనలేదు.